మన పొదుపు సొమ్ము మందు డబ్బా పాలు కాకూడదు
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఈసారి పంటల పురుగులు, తెగుళ్ల గురించి మాట్లాడతామని మేమే అడిగాం. పేరు చదవగానే వెనక కూర్చున్న అక్కలు కొందరు నవ్వారు, మేము చూశాం. బాచుపల్లిలో చేను ఏది, పురుగు ఏది అని కదా ఆ నవ్వు? నిజమే. పొద్దున లేస్తే అపార్ట్‌మెంట్లు, కాలేజీ బస్సులు, మియాపూర్ రోడ్డు ట్రాఫిక్. మనలో ఎక్కువ మంది ఇళ్లల్లో పని చేసేవాళ్లం, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లం, టైలరింగ్, టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్లం. కానీ ఒక్కసారి మన సంఘాల అప్పుల పుస్తకాలు తీసి చూడండి. "అప్పు దేనికి" అనే గడిలో చాలాచోట్ల "వ్యవసాయం" అని రాసి ఉంది. మనం ఇక్కడ ఉన్నాం గానీ అత్తగారి ఊళ్లో రెండెకరాలో, అన్నదమ్ములు కౌలుకు తీసుకున్న చేనో అక్కడ ఉంది. వానలు పడగానే ఫోన్ వస్తది, మనం సంఘంలో అప్పు తీసి పంపుతాం.

మా సంఘంలో జరిగిన సంగతి ఒకటి చెప్తాం. పేరు చెప్పం, ఆ చెల్లెలు ఇక్కడే కూర్చుని ఉంది, చెప్పమని తనే అన్నది. పత్తి సాగుకని నలభై వేలు అప్పు తీసి ఊరికి పంపింది. విత్తనాలకు, కూలికి కొంత పోయింది. మిగిలినదంతా మందుల షాపుకే పోయింది. ఆకు ముడుచుకుంటే ఒక డబ్బా, పూత రాలితే ఇంకో డబ్బా. "ఇది పని చేయలేదన్నా" అంటే "దానికంటే గట్టిది ఉంది, ఇది కొట్టు" అన్నారట. రెండు మందులు కలిపి కొట్టమన్నారు, అదీ కొట్టారు. డబ్బులు అయిపోయాక అదే షాపులో ఖాతా పెట్టారు. పురుగు మాత్రం పోలేదు. చివరికి పత్తి కూడా ఆ షాపాయన చెప్పిన ధరకే అమ్మాల్సి వచ్చింది, బాకీ ఉంది కాబట్టి. మందు కొట్టిన మర్నాడే కలుపు తీయడానికి దిగిన ఆమె తోడికోడలికి తల తిరిగి, వాంతులై రెండు రోజులు ఆసుపత్రిలో పెట్టారు.

ఆ చెల్లెలు కిస్తీ కట్టలేక మూడు నెలలు మీటింగుకే రాలేదు. బ్యాంకు లింకేజీ చెడిపోతుందని మేమంతా తలా కొంత వేసి కట్టాం. ఆ అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. అప్పుడు మాకు అర్థమైంది: ఇంటికి వంద, యాభై దాచుకున్న మన పొదుపు మందు డబ్బా అవుతోంది. అందుకే పురుగు సంగతి మన సంఘం సంగతే.

పురుగు ఎందుకు చావడం లేదు?

మా సంఘంలో పదో తరగతి దాటి చదివినవాళ్లు తక్కువ. అయినా రైతు కుటుంబాల అక్కలను అడిగి, వ్యవసాయ అధికారులు చెప్పింది విని, పేపర్లో వచ్చింది చదివి తెలుసుకున్నది చెప్తాం.

మొదటి సంగతి. ఒక చేనులో వెయ్యి పురుగులు ఉన్నాయనుకోండి. మందు కొడితే చాలావరకు చస్తాయి, కొన్ని మాత్రం తట్టుకుంటాయి. తర్వాత గుడ్లు పెట్టేది ఆ తట్టుకున్నవే. వాటి పిల్లలూ అలాంటివే అవుతాయి. అదే మందు మళ్లీ మళ్లీ కొడుతుంటే కొన్నేళ్లకు ఆ మందు నీళ్లతో సమానం. ఇంట్లో దోమల కాయిల్ ఒకప్పుడు పని చేసి ఇప్పుడు చేయకపోవడం మనం చూస్తున్నదే.

రెండో సంగతి. చేనులో కనపడే పురుగులన్నీ శత్రువులు కావు. ఎర్రగా, నల్ల చుక్కలతో ఉండే అక్షింతల పురుగు పేనుబంకను తింటుంది. సాలీళ్లు, తూనీగలు, గొల్లభామలు, సన్నటి కందిరీగలు, ఇవన్నీ జీతం లేని కూలీలు. మందు కొడితే ముందు చచ్చేది ఇవే. వరిలో దోమపోటు సంగతి చూడండి. దోమ తన గుడ్లను వరి ఆకు తొడిమలోపల పెడుతుంది, మందు అక్కడికి చేరదు. పైన తిరిగే సాలీళ్లు మాత్రం చస్తాయి. వారం పది రోజులకు గుడ్లు పగిలి దోమలు బయటకు వస్తే తినేవాడు ఉండడు. మందు కొట్టిన చేనులోనే దోమ ఎక్కువ కావడం ఇందుకే. ఇండోనేషియా దేశంలో ఇదే జరిగింది. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులు వాడొద్దని ఆపేసింది. 1989 నుంచి రైతులను చేనులోనే కూర్చోబెట్టి, ఏ పురుగు మంచిది, ఏది చెడ్డది అని నేర్పే బడులు పెట్టారు. మన దగ్గర పొలం బడి అంటున్నది అదే.

మన గడ్డ మీద ఏం జరిగిందో పెద్దవాళ్లకు గుర్తుంది. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి మీద లద్దె పురుగు పడింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. అప్పుల బాధకు ఎంతోమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కొందరు తాగింది ఆ చేను కోసం కొన్న మందే. 2002లో బీటీ పత్తి వచ్చింది, ఇక కాయ తొలిచే పురుగు బాధ తీరిందన్నారు. కొన్నేళ్లు తీరింది కూడా. తర్వాత గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది. 2017లో పక్కనే మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ ఆ విషం పీల్చి ఇరవై మంది దాకా చనిపోయారు.

అంటే ఒక్క మందును, ఒక్క విత్తనాన్ని నమ్ముకుంటే పురుగు ఎప్పటికైనా దాన్ని దాటుతుంది. నాలుగు పద్ధతులు కలిపితేనే అది లొంగుతుంది. శాస్త్రవేత్తలు చెప్పేదీ ఇదే, మన ముసలవ్వలు చేసిందీ ఇదే.

మన చుట్టూ జరుగుతున్న పరిశోధన

పంటల మీద పెద్ద పెద్ద పరిశోధనలు మన ఇళ్లకు దగ్గర్లోనే జరుగుతున్నాయని మనలో చాలామందికి తెలియదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది, 1972లో పెట్టారు. ఇక్కడి నుంచి గంట ప్రయాణం. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద అక్కడ పని చేస్తారు. కందికి ఎండు తెగులు, వెర్రి తెగులు వస్తే చేను చేనే పోతుంది. ఒకసారి వచ్చాక మందు కొట్టి లాభం లేదు. ఈ రెండింటినీ తట్టుకునే "ఆశ" అనే కంది రకం అక్కడి నుంచే 1993లో వచ్చింది. విత్తనంలోనే రక్షణ ఉంటే డబ్బా కొనే పని లేదు.

రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ, హబ్సిగూడలో సీసీఎంబీ ఉన్నాయి. మనం వండుకునే సాంబమసూరి బియ్యం అందరికీ ఇష్టమే. కానీ దానికి బాక్టీరియా ఎండాకు తెగులు ఎక్కువ. ఈ తెగులుకు సరైన మందే లేదు. ఈ రెండు సంస్థల వాళ్లూ కలిసి, తెగులును ఆపే మూడు జన్యువులను సాంబమసూరిలోకి తెచ్చారు. అందులో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. అన్నం రుచి, గింజ సన్నదనం అలాగే ఉంచి తెగులును తట్టుకునే రకం 2008లో విడుదల చేశారు. ఎక్కడో గడ్డిలా పెరిగే వరిలోని గుణం మన పళ్లెంలో అన్నాన్ని కాపాడుతోంది.

కంది, శనగ, పత్తి, టమాటా అన్నిటినీ తినే శనగపచ్చ పురుగుకు ఎన్.పి.వి. అనే జబ్బు వస్తుంది. అది సోకిన పురుగు మొక్క పైకి పాకి తలకిందులుగా వేలాడి చస్తుంది. అలా చచ్చిన పురుగులను ఏరి, నూరి, నీళ్లలో కలిపి చేను మీద చల్లితే మిగతావాటికీ ఆ జబ్బు అంటుకుంటుంది. మనుషులకు, పశువులకు, మేలు చేసే పురుగులకు ఏమీ కాదు. దీన్ని పల్లెలోనే తయారు చేసుకోవడం ఇక్రిశాట్ వాళ్లు రైతులకు నేర్పారు. ఇంకా చిన్న కందిరీగలను చేనులోకి వదిలే ట్రైకో కార్డులు, మగ రెక్కల పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు, తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, వేరుకుళ్లుకు ట్రైకోడెర్మా పొడి, ఇవన్నీ ఉన్నాయి. ఇవి డబ్బా మందుల మాదిరి ఒక్క రోజులో చేను శుభ్రం చేయవు. కానీ పురుగును పెరగనీయవు.

చేసి చూపించింది మనలాంటి సంఘాలే

శాస్త్రం తెలిస్తే సరిపోదు, చేను దాకా తీసుకుపోయేది ఎవరు? ఇక్కడ మనం గర్వపడాల్సిన సంగతి ఉంది.

ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలో పునుకుల అనే చిన్న ఊరు ఉంది, ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అక్కడ పత్తి, మిర్చి వేసి మందుల షాపుల బాకీల్లో కూరుకుపోయారు. మందు ఇచ్చేదీ, అప్పు ఇచ్చేదీ, పంట కొనేదీ ఒక్కరే. 1999 ప్రాంతంలో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ పురుగుమందులు లేని సాగు గురించి చెప్పడం మొదలుపెట్టింది. మొదట కొద్దిమందే విన్నారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, పసుపు అట్టలు, చేను చుట్టూ జొన్న, మధ్యలో ఆముదం, బంతి ఎర పంటలు. పంట దిగుబడి తగ్గలేదు, ఖర్చు తగ్గింది. అది చూసి మహిళా సంఘాలు పట్టుబట్టాయి. ఇంటి ఖర్చు తెలిసినవాళ్లు, ఆసుపత్రి ఖర్చు తెలిసినవాళ్లు ఆడవాళ్లే కదా. వేపగింజలు పొడి చేసే మిషన్ కూడా సంఘం వాళ్లే నడిపారు. 2004 నాటికి ఊరు ఊరంతా పురుగుమందులు మానేసింది, పంచాయతీలో తీర్మానం చేసింది. అప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పటి జనగామ జిల్లాలో ఉన్న ఏనబావి ఇంకో అడుగు ముందుకేసి రసాయన ఎరువులు కూడా వదిలేసింది.

ఇది చూసి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అదే సెర్ప్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సమాఖ్యల ద్వారా ఈ పని మొదలుపెట్టింది. ప్రపంచ బ్యాంకు 2009లో వేసిన నివేదికలో మూడు లక్షల మందికి పైగా రైతులు, 13 లక్షల 60 వేల ఎకరాల్లో ఈ పద్ధతి పట్టారని రాశారు. దీన్ని పల్లె పల్లెకూ తీసుకుపోయింది మనలా పొదుపు చేసుకుని, తీర్మానం రాసుకుని, సంతకాలు పెట్టే మహిళా సంఘాలే. వాళ్లు చేయగా లేనిది మనం మన పుస్తకంలో నాలుగు ప్రశ్నలు అడగలేమా?

కష్టం ఉంది, దాచం

అన్నీ తేలిక అని చెప్తే మీరే నమ్మరు. వేపగింజలు ఏరాలి, దంచాలి, నానబెట్టాలి, వడగట్టాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది. డబ్బా మూత తీసి కలపడమే సులువు. పక్క చేనువాళ్లు మందు కొడితే మన చేనులోని మంచి పురుగులూ పోతాయి, కాబట్టి ఒక్కరు చేస్తే చాలదు. ఒక్కోసారి పురుగు మితిమీరితే అధికారుల సలహాతో మందు కొట్టక తప్పని రోజూ వస్తుంది. ఆ రోజు వస్తే ఏం చూడాలో తెలిసి ఉండాలి.

డబ్బా మీద డైమండ్ ఆకారపు గుర్తులో కింది త్రికోణం రంగు చూడండి. ఎరుపు ఉంటే అత్యంత విషం. పసుపు దాని తర్వాత. నీలం ఇంకా తక్కువ. ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. తక్కువ అంటే తాగొచ్చని కాదు. చదువు రాని వాళ్లకు కూడా తెలియాలనే ఆ రంగులు పెట్టారు. మందు కొట్టిన చేనులోకి ఎన్ని రోజులు దిగకూడదో, కూరగాయ ఎన్ని రోజులు కోయకూడదో కాగితంలో రాసి ఉంటుంది, పిల్లలతో చదివించండి. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇచ్చే లూజు మందు ఎప్పుడూ కొనొద్దు, ఇంట్లో పెట్టొద్దు. ఖాళీ డబ్బా కడిగి నీళ్లు పట్టుకోవద్దు. గాలికి ఎదురుగా కొట్టొద్దు. చేతికి, ముఖానికి రక్షణ లేకుండా ఎవరినీ కొట్టనివ్వొద్దు, కూలికి వచ్చినవాళ్లనైనా సరే.

మేము అడుగుతున్నది

మా సంఘం ఈ సభ ముందు రెండు ప్రతిపాదనలు పెడుతోంది.

మొదటిది అప్పుల గురించి. వ్యవసాయానికి అప్పు అడిగిన ఏ సభ్యురాలికీ కాదనొద్దు. కానీ ఇచ్చే ముందు ఐదు ప్రశ్నలు అడిగి తీర్మానాల పుస్తకంలో జవాబులు రాయాలి.

ఒకటి, ఏ పంట, ఏ విత్తనం? తెగులు తట్టుకునే రకం గురించి అడిగారా?
రెండు, చేనులో పురుగును చూసి చెప్పేది ఎవరు? ఇంటివాళ్లా, వ్యవసాయ అధికారా, లేక మందులు అమ్మే ఆయనా?
మూడు, వేపగింజలు, బుట్టలు, అట్టలు, ఎర పంట విత్తనాలకు ఖర్చు రాసుకున్నారా?
నాలుగు, మందుల షాపులో పాత బాకీ ఉందా? పంట అక్కడే అమ్మాలనే మాట ఉందా?
ఐదు, మందు కొట్టాల్సి వస్తే కొట్టేది ఎవరు, వాళ్లకు రక్షణ ఏముంది?

దీని మీద ఓబీల మీటింగులో ఒక అక్క అడిగింది: "మనమేమన్నా పోలీసులమా? ఆమె అప్పు, ఆమె చేను. మగవాళ్లు వింటారా?" అన్నది. ఆ మాటలో న్యాయం ఉంది. ప్రశ్న అడిగినంత మాత్రాన ఊళ్లో మరిది వినకపోవచ్చు. కానీ ఈ చెల్లెలి విషయంలో ఎవరం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "వ్యవసాయం" అని రాసి సంతకాలు పెట్టేశాం. ఆమె కూడా ఊళ్లో ఎవరినీ ఏమీ అడగలేకపోయింది. "సంఘంలో అడుగుతున్నరు, జవాబు చెప్పాలె" అని ఫోన్లో అనగలిగితే, ఆమె మాటకు ఆ ఇంట్లో కొంచెం బరువు వస్తుంది. ఆమెను తనిఖీ చేయడానికి కాదు, ఆమె వెనక మనం ఉన్నామని చెప్పడానికే ఈ ప్రశ్నలు.

రెండోది వేపగింజలు. జూన్, జూలై నెలల్లో మన రోడ్ల పక్కన, కాలనీల్లో వేపపండ్లు రాలి పడుతాయి. మన సంఘాల్లో ఊడ్చే పని చేసే అక్కలు వాటిని చెత్త బండిలో పోస్తున్నారు. ఊళ్లో మనవాళ్లు మాత్రం వేప నూనె సీసాలు కొంటున్నారు. ఈ ఏడాది ఆ పండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, గోనె సంచుల్లో దాచుదాం. ప్లాస్టిక్ సంచుల్లో దాస్తే బూజు పడుతుంది. ఎకరానికి ఐదు కిలోల గింజల పొడి చాలు. రాత్రంతా పది లీటర్ల నీళ్లలో నానబెట్టి, పొద్దున గుడ్డలో వడగట్టి, వంద లీటర్లకు పెంచి, కొద్దిగా సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట కొట్టాలి. ఎండకు దాని బలం పోతుంది కాబట్టి సాయంత్రమే మంచిది. ఇది పురుగును వెంటనే చంపదు. ఆకు తిననీయదు, పెరగనీయదు. మిద్దె మీద చిక్కుడు, బెండ వేసుకున్నవాళ్లకు లీటరు నీళ్లకు యాభై గ్రాముల పొడి సరిపోతుంది. చలికాలంలో చిక్కుడుకు పేనుబంక పడితే ముందు ఆ కొమ్మ తిప్పి చూడండి, అక్షింతల పురుగు ఉంటే రెండు రోజులు ఆగండి. దాని పని దాన్ని చేయనివ్వండి.

మిద్దె తోట లేనివాళ్లు, ఊళ్లో చేను లేనివాళ్లు ఈ సభలో ఉన్నారు. మాకేంటి అనుకోవద్దు. కూకట్‌పల్లి రైతు బజారులో మనం కొనే వంకాయ, క్యాబేజీ ఏదో ఒక చేనులోనే పండింది. ఆ చేనులో నడుం వంచింది మనలాంటి ఇంకో ఆడమనిషే. మెరుపు, నునుపు ఉన్న కాయనే ఏరితే, మచ్చ లేని కాయ కోసం అక్కడ ఇంకో డబ్బా విప్పుతారు. చిన్న పుచ్చు ఉంటే కోసి పారేసి వండుకుంటే మనకు పోయేదేమీ లేదు.

ఆ చెల్లెలు ఈ వానాకాలం మళ్లీ అప్పు అడిగింది. ఈసారి పత్తి పక్కన కంది సాలు వేస్తామని, గట్టు మీద ఆముదం, బంతి పెడతామని రాసి ఇచ్చింది. పాత షాపు బాకీ ఎంత ఉందో కూడా దాచకుండా చెప్పింది. మేము తీర్మానం చేసి అప్పు ఇచ్చాం. పంట ఎలా వస్తుందో వచ్చే మహాసభలో తనే లేచి చెప్తుంది. బాగా వస్తే చెప్తుంది, రాకపోయినా చెప్తుంది. అలా ఒప్పుకున్నాకే ఇచ్చాం.

మా రెండు ప్రతిపాదనలకు అన్ని సంఘాల లీడర్లూ చేతులెత్తి మద్దతు ఇవ్వాలని కోరుతున్నాం.